చిన్నప్పుడే పోయింది

హాల్లో గోడ మీద గీస్తున్న వంశవృక్షంలో కొత్త పేరు చూసి పెదనాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. తమ్ముడి కూతురు మాత్రం బ్రష్షు కింద పెట్టలేదు.

"మా తాత అక్క పేరెందుకే? ఆవిడ చిన్నప్పుడే పోయిందిగా!"

"పోయింది పెదనాన్నా, గోడ దూకి పోయింది. మనమంతా చచ్చిపోయిందనుకున్నాం."

"నీకెవరు చెప్పారు?"

"ఆవిడ మనవరాలు. వెతగ్గా వెతగ్గా దొరికింది. ఆవిడ రేవులో లాంచీ నడిపి పిల్లల్ని పెంచిందట."

"ఎవడితోనో లేచిపోయినదాన్ని మన గోడకెక్కిస్తావా? చెరిపెయ్!"

"అంటే మీకు ముందే తెలుసన్నమాట! ఎవడితోనూ కాదు, ఒక్కతే పోయింది. నేను చెరపను."

"నా మాట లెక్కలేకపోతే నువ్వూ పో!"

"పోతాను. ఎక్కడికి పోతున్నానో నా పేరు కింద రాసి మరీ పోతాను."