ఏడు జానల గది

అధ్యక్షులుగా కూర్చున్న మేనేజరు గారికి, నాకంటే ముందే రిటైరై నాకంటే కుర్రగా కనిపిస్తున్న పెద్దలకి, వీడికి మైకు దొరికితే వదలడని అప్పుడే వాచీలు చూసుకుంటున్న మిత్రులకి, మూడో వరుసలోంచి 'తొందరగా కానియ్యి' అని సైగ చేస్తున్న మా ఆవిడకి నమస్కారం. (నవ్వులు) ఈ కొత్త కోటు ఎక్కడిదని పొద్దుట్నుంచి అందరూ అడుగుతున్నారు. చివర్లో చెబుతాను, అందాకా కూర్చోండి.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ స్టూడియోలో సెట్లు కట్టాను. ఆసుపత్రులు, కోర్టులు, రైలుపెట్టెలు, అన్నీ చెక్కా అట్టా రంగూ. ఎక్కడైనా కాస్త తేడా వచ్చినా కెమెరా చూసుకునేది. కానీ యుద్ధకాలంలో ఏ తప్పూ లేకుండా నిర్బంధించిన మనుషుల కథల్ని మన యూనిట్ జరిగింది జరిగినట్టు చూపించే డాక్యుడ్రామాలుగా తీయడం మొదలుపెట్టాక, ఆ ధీమా నాకు పనికిరాకుండా పోయింది.

ముందు వరుసలో కూర్చున్న ఈ పెద్దాయన దర్జీ. యుద్ధం రోజుల్లో ఒక ఆసుపత్రి సిబ్బందికి యాభై పొడుగు కోట్లు కుట్టారు. అవి శత్రుసైన్యానికేనని ఆయన్ని జైలుకి పట్టుకుపోయారు. కాదని తేల్చడానికి వాళ్లకి మూడేళ్లు పట్టింది. వదిలిపెట్టారు గానీ అనుమానితుల జాబితాలోంచి ఆయన పేరు ఈరోజుకీ తీయలేదు. పైగా, ఆయన్ని ఉంచిన గది విశాలంగా ఉండేదనీ, ఆయన మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదనీ నివేదిక రాసిపెట్టారు.

ఆ గది వెడల్పెంతండీ అని ఫోన్లో అడిగాను. "ఏడు జానలు, మేస్త్రీ గారూ" అన్నారు. టేపు లాగేసుకున్నారట, చేత్తోనే కొలుచుకున్నారు. ఇంకేముంది, నేను కూడా గచ్చు మీద నా చేత్తో ఏడు జానలు కొలిచి గోడలు లేపేశాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆయన వచ్చి ఆ గోడల మధ్య నిలబడ్డారు. మెల్లగా రెండు చేతులూ చాచారు. పూర్తిగా చాచగలిగారు. "ఇది కాదండీ, అక్కడ మూడేళ్లూ నేను చేతులు చాచలేదు" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. నా పనికి వంక పెట్టినవాడు లేడు మరి. "ఏడు జానలేనండీ, కావాలంటే కొలుచుకోండి" అన్నాను.

ఆయన కొలవడానికి గోడ మీద చెయ్యి ఆనించారు. బొటనవేలు విచ్చుకోలేదు, ఆయన జాన నా జానంత రాలేదు. "రెండో రోజు విచారణలో విరిచేశారు. గది కొలిచింది ఆ తర్వాత" అన్నారు, నన్ను ఓదారుస్తున్నట్టు.



ఆ పూటే గోడ విప్పి పది అంగుళాలు లోపలికి జరిపాను. మన కెమెరామన్ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. కెమెరా పెడితే మనిషి పట్టడు, మనిషి ఉంటే కెమెరా పట్టదు అన్నాడు. మనిషే ఉంటాడు, నువ్వు బయటికి నడువు అని గోడకి కన్నం పెట్టి ఇచ్చాను. అవునా, కాదా? అదిగో, తల వంచుకున్నాడు. (నవ్వులు)

మేనేజరు గారూ, సోమవారం ఆ సెట్టు విప్పేసి వంటల కార్యక్రమానికి చోటిస్తున్నారని విన్నాను. అసలు జైలుని ఎప్పుడో కూల్చేశారు. దర్జీ గారి కేసు మళ్లీ విచారిస్తున్న సంఘం వాళ్లు, మన సెట్లోనే నిలబడి చూస్తామని ఉత్తరం రాశారు. వచ్చే నెల వస్తారు. అందాకా ఒక్క మేకు కూడా పీకించకండి. వంటలు వరండాలోనైనా ఉడుకుతాయి. ఆయన మాటకి ఇంకో సాక్ష్యం లేదు. నాకు శాలువా వద్దు, జ్ఞాపిక వద్దు, ఈ ఒక్కటి చేయండి.

తల ఊపారు, అందరూ చూశారు. రికార్డింగు కూడా అవుతోంది. (చప్పట్లు)

ఇక కోటు సంగతి. దర్జీ గారే కుట్టారు. ఆ వేలితో రెండు నెలలు పట్టింది. తొడుక్కుని చూసి, చంకల దగ్గర కాస్త వదులయిందేమోనండీ అన్నాను. పాత బుద్ధి, ఎక్కడికి పోతుంది?

"కావాలనే వదిలాను. చేతులు చాచుకోవాలి కదా" అన్నారు.

ఇదిగో, చాచాను, దర్జీ గారూ. ఎక్కడా పట్టెయ్యలేదు. ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.