నిండని ట్యాంకి

సారక్క చాయ్ హోటల్ గోడకు అంటించిన కాగితంలో తన పేరు లేదన్న సంగతి రాజం కంట పడేసరికి సాయంత్రం నాలుగు దాటింది. మొదటి షిఫ్టు దిగినవాళ్లు స్నానాలు చేసి అప్పుడప్పుడే బెంచీల మీదికి చేరుతున్నారు. కాగితంలో ఉన్నది రాజ్యాలు పంచుకునే సంగతేమీ కాదు. వచ్చే నెల, అంటే రెండు వేల పన్నెండు ఫిబ్రవరిలో, మేడారం జాతరకు కలిసి పోయే నాలుగు కుటుంబాల వాళ్లు ఎవరికే పని అని రాసుకున్నారు, అంతే. వంట రాజం భార్య పోశవ్వది. ట్రాక్టరు రాయమల్లుది. చిట్టచివర ‘ట్యాంకి ఇంచార్జి’ అన్నచోట సంపత్ అని ఉంది.

రాజం ఆ వరస మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ సంపత్ అనే ఉంది. రెండేళ్ల కిందటి జాతరలో ఆ పని చేసింది తను! ఇరవై తొమ్మిదేళ్లుగా గోదావరిఖని బొగ్గు బావిలో పంపు ఖలాసీ తను! భూమి లోపల ఊరే నీళ్లను మోటర్లు పెట్టి పైకి పంపించేవాడికి, నీళ్ల సంగతిలో నిన్నగాక మొన్న డ్యూటీలో చేరిన ఎలక్ట్రీషియన్ పోటీనా? ఒళ్లు భగ్గుమంది. భుజం మీది ఎర్రగళ్ల తువ్వాలతో మొహం గట్టిగా తుడుచుకుని బెంచీకి సరిగ్గా నడుమ కూర్చున్నాడు. ఆయన నడుమ కూర్చున్నాడంటే రెండో దఫా చాయ్ చెప్పుకోవాల్సిందేనని అందరికీ తెలుసు.

ఆ ట్యాంకి వీర్రాజు బండిది. వీర్రాజు గోదావరి జిల్లా నుంచి పాతికేళ్ల కింద వచ్చి ఇక్కడ వెల్డింగు షాపు పెట్టుకున్న మనిషి. అడవిలో బొగ్గు కోసం బోర్లు వేసేవాళ్లు వాడి పారేసిన ఒక ఇనుప ఇల్లు బండిని తెచ్చి, మాసికలేసి, రంగు కొట్టాడు. ట్రాక్టరు వెనక తగిలించుకుని పోవచ్చు. లోపల పడకలున్నాయి, పొయ్యి గట్టుంది, మూలన చిన్న బాత్రూము కూడా ఉంది. అందులో వాడిన నీళ్లన్నీ బండి కింది ట్యాంకిలో చేరతాయి. ఎంత నిండిందో పక్కనున్న అద్దపు గొట్టంలో కనబడుతుంది. నీళ్లు వదలడానికి అడుగున ఒక వాల్వు ఉంది. ఆ ట్యాంకి పట్టేది వంద లీటర్లే. పోయిన జాతరకు ఎక్కిందేమో పంతొమ్మిది మంది. నాలుగు రోజులు. నిండితే ఎక్కడో దూరంగా గుంత తవ్వి వదలాలి, ఆ జనంలో గుంత తవ్వే చోటెక్కడ దొరుకుతుంది?

“నా పేరు తీసేసినోడు ఎవడు?” అన్నాడు రాజం.

“ఎవ్వలు తియ్యలే కాకా,” అన్నాడు సంపత్, గ్లాసులోకి చూస్తూ. “పోయినసారి నీకు మస్తు తక్లీఫ్ అయిందని...”

“తక్లీఫా? నాకా? నీకు నేను చెప్పిన్నా?”

“నీకు కాదన్నా, మాకైంది!” పొయ్యి దగ్గర్నుంచి సారక్క అందుకుంది. “నాల్గు దినాలు చెంబెడు నీళ్లతోని తానం చేపిచ్చినవు. నా పెయ్యి మీది సబ్బు ఇంటికొచ్చినంక పోయింది. ఆడోళ్లమంతా మొక్కుకున్నం, ఈసారి రాజమన్న చేతికి ట్యాంకి ఇయ్యద్దని.”

ఇంత చేసినందుకు ఇదా బహుమానం! రాజం అందరి దిక్కూ ఒకసారి చూశాడు. మూలన వీర్రాజు మిరపకాయ బజ్జీ తింటున్నాడు. పక్కనే రాయమల్లు బీడీ వెలిగించుకుంటున్నాడు. సరే, వీళ్లకు తెలియజెప్పకపోతే తప్పు తనదే అవుతుంది.

“ఇనుండ్రి. ఊకె కోతలు కోసేటోన్ని కాదు నేను. జరిగింది జరిగినట్టు చెప్త. బండి అప్పజెప్పుకుంట వీర్రాజన్న ఒక్కటే మాటన్నడు. రాజం గారూ, ముందు వాల్వు కట్టెయ్యండి, నిండినప్పుడు తప్ప దాన్ని ముట్టకండి అన్నడు. అన్నవా లేదా అన్నా?”

నోట్లో బజ్జీ ఉండడంతో వీర్రాజు తల మాత్రం ఊపాడు.

“కట్టేసిన. ఎట్ల కట్టిన్నో వెనుక చెప్త, అదొక కథ. ఇగ మేడారం చేరినమా, వాగు పక్కకు ఇసుక నేల మీద బండి ఆపినమా, నేను పంతొమ్మిది మందిని వరుసగ నిలబెట్టిన. మనం బావి దిగేటప్పుడు ల్యాంపు రూముల బిళ్ల తీసుకుంటం గదా, గట్లనే ఒక్కొక్కలకు ఒక నంబరు బిళ్ల చేసిచ్చిన. బిళ్ల లేంది బాత్రూము లేదు. తలుపు కొట్టుడుకు బావిల గంటల లెక్క పెట్టిన. ఒక్కటి కొడితె చేతులు కడుగుడు, రెండు కొడితె తానం, మూడు కొడితె మీకెరుకే. మూడు కొట్టినోళ్లను అవసరమా కాదా అని ముందుగాల్నే అడిగేది.”

“మా అత్తను గూడ అడిగినవు బావా,” అన్నాడు రాయమల్లు. “ముసల్ది ఇంకా మర్చిపోలే.”

“అడుగుడే డ్యూటీ! డ్యూటీల అత్తా మామా ఉంటరా? మొదటి దినం మనిషికి చెంబెడు. రెండో దినం గిలాసెడు. మూడో దినం మా పోశవ్వ చెంచెతోని తానం చేసింది, తల మీదికెళ్లి, అయినంక ఇంకా సగం చెంచె మిగిలింది, ఆ మిగిలినదాంతోని బియ్యం కడిగింది.”

“అబ్బా!” అన్నాడు సంపత్.

“అబ్బా అనుడు కాదు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? పొద్దూకినంక అద్దం గొట్టం చూసిన. సుక్క లేదు! పంతొమ్మిది మంది వాడిన్రు, ట్యాంకిల సుక్క లేదు. పక్క గుడారపోళ్లు చూసిన్రు. మావోళ్లు గూడ వాడుకుంటరు కాకా అన్నరు. రాండ్రి అన్న. నలభై మందైన్రు. మర్నాడు నాలుగు వందలు. బిళ్లలు చాలక రాయమల్లు లాగు గుండీలు గూడ తెంపి ఇచ్చిన...”

“ఏందీ?” అన్నాడు రాయమల్లు.

“ఊకో బావా, నడిమిట్ల రాకు. ఆ వరుస వాగు దాటిపోయింది. జాతరకొచ్చినోళ్లు అదే అమ్మల గద్దెకు పోయే లైను అనుకోని బెల్లం పట్టుకోని నిలబడ్డరు. వాళ్లందరు వాడిన్రు. గొట్టం చూస్తె, సుక్క లేదు!”

చెబుతుంటే రాజానికే ఒళ్లు పులకరించింది. సుక్క లేని మాట మాత్రం నిజమే మరి. నాలుగు రోజులూ పొద్దున్నా సాయంత్రం ఆ గొట్టం చూసి తనే నివ్వెరపోయాడు. ఎంత పొదుపు చేయిస్తే ఇంత ఫలితం వస్తుందని, ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం ఊరికే పోలేదని ఛాతీ ఉప్పొంగింది. ఆ ఒక్క నిజం చేతిలో ఉంటే మిగతాదంతా దానంతటదే నోట్లోంచి వచ్చేది.

“జ్యోతినగర్ కరెంటు కార్ఖాన కెళ్లి ఒక పెద్ద ఇంజనీరు వచ్చిండు. టేపు పట్టి ట్యాంకి కొలిచిండు, కాయితం మీద లెక్కలేసిండు, కండ్లద్దాలు తుడుసుకోని మల్ల ఏసిండు. నీళ్లు ఏడికి పోతున్నయి పెద్దమనిషీ అని అడిగిండు. సారు, నీళ్లకు నా భయం ఉన్నది, వస్తనే ఆరిపోతయి అన్న. నమ్మరు, రెండు చేతులెత్తి మొక్కిండు.”

“నిన్నేనా?” అంది సారక్క.

“మరి ట్యాంకినా? ఇంకా విను చెల్లె. మీరందరు లోపల మెత్తగ పడకల మీద పన్నరు. నేనేడ పన్న? బండి కింద! ట్యాంకి పక్కపొంటి! ఎవ్వల్ని దాని దిక్కు తొంగి సూడనియ్యలే. ఏం మంచది! మాఘమాసపు మంచు టపటప టపటప రాత్రంత నా మొఖం మీద పడ్డది. జాతరల ఎవ్వల మీద పడలే, నా ఒక్కని మీదనే పడ్డది. ఈ తువ్వాల నెత్తికి కప్పుకున్న. పొద్దుగాల పిండితె ముంతెడొచ్చింది. ఆ కష్టానికి గుర్తని ఇయ్యాల్టి దాంక దీన్ని పోశవ్వను ఉతకనియ్యలే.” తువ్వాలను ఆప్యాయంగా తట్టి, మూతి తుడుచుకున్నాడు.

“వాసన రాలేదా కాకా, ట్యాంకి పక్కన?” అన్నాడు సంపత్.

“బావుల మురుగుల ఇరవై తొమ్మిదేండ్లు నిలబడ్డ ముక్కురా ఇది, దానికి వాసనలు ఎప్పుడో బందైనయి. వాసన సంగతి పక్కకు పెట్టు, పచ్చదనం సంగతి అడుగు! నేను పన్న జాగల మూడోనాటికి గుమ్మడి తీగ మొలిచింది. నాలుగోనాటికి కాయ. ఎంత కాయ? బండిని కిందికెళ్లి లేపుతాంది! జాకీ లేకుంటనే చక్రాలు గాల్లకు లేసినయి. ఆ కాయను గొడ్డలితోని నరికినంకనే బండి కదిలింది. ఇగ తిరుగు పయనంల ఏమైందో ఎర్కేనా? ట్యాంకి గంత ఖాళీగ ఉండేసరికి బండికి బరువు లేదు. భూపాలపల్లి దాటినంక జానెడు ఎత్తుల గాల్ల తేలుకుంట వచ్చింది. ట్రాక్టరు తోలింది నువ్వే గదా రాయమల్లూ, చెప్పు!”

“నేను ముందట చూసి తోలుతాన బావా,” అన్నాడు రాయమల్లు పొగ వదిలి. “ఎనుక ఎవలు ఎగిరిన్రో నాకేమెరుక.”

బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. రాజానికి నవ్వులు పట్టలేదు. ఆయన చూపు గోడ మీది కాగితం మీదే ఉంది. నవ్వితే నవ్వారు, ఆ పేరు మార్చాలి.

“ఒక్క ముచ్చట చెప్పు కాకా,” అన్నాడు సంపత్ నవ్వాపుకుని. “రోడ్డంత గుంతలాయె. బండి గంత ఊగినా వాల్వు ఎట్ల ఆగింది?”

ఇదే కావాలి రాజానికి. లేచి నిలబడ్డాడు.

“గదిరా అసలు పని! డిప్లొమాల చెప్పరది. వెనుక పిడి బయటికి ఉండె. వీర్రాజన్న కట్టెయ్యిమన్నడు గదా. మామూలు తాడుతోని కడితె ఊసిపోతదని, బావిల బొగ్గు పేల్చే పసుపు తీగ తీసుకోని, ఆ పిడిని ఇనుప కమ్మికి గుంజి కట్టిన. ఒక్క ముడి కాదు, పదకొండు ముడులు! ఏనుగొచ్చి గుంజినా కదలద్దు. కట్టుడంటె గట్ల కట్టాలె. నాల్గు దినాలు పిడి ఇంచు కదల్లే. ఇప్పుడు చెప్పుండ్రి, ట్యాంకి ఇంచార్జి ఎవడు?”

మూలన స్టీలు ప్లేటు ఠంగుమంది. వీర్రాజు లేచి నిలబడ్డాడు. ఆయన మొహం ఎర్రబడింది.

“ఆ పసుపు తీగ కట్టింది మీరాండీ?”

“నేను గాకుంటె ఇంకెవలు కడ్తరు గంత మంచిగ?”

“రాజం గారూ, ఆ తీగ కోయడానికి నాకో పూట పట్టిందండీ! పిడి లోపలికి నెడితే మూసుకుంటుంది, బయటికి లాగితే తెరుచుకుంటుంది. ట్యాంకు కడిగి, ఆరడానికని నేనే బయటికి లాగి ఉంచాను. కట్టేయండి అంటే మూసేయమని! మేము కుళాయి కట్టేయమంటాం, లైటు కట్టేయమంటాం. మీరేమో తెరిచి ఉన్నదాన్ని తెరిచినట్టే తీగలతో బిగించారా? పదకొండు ముడులేసి?”

సారక్క పొయ్యి మంట తగ్గించి ఇటు తిరిగింది.

“రెండేళ్లండీ,” అన్నాడు వీర్రాజు. “రెండేళ్ల నుంచి నేనేమనుకున్నానో తెలుసా? ఉద్యమం రోజులు గదా, ఆంధ్రావాడి బండని ఎవరో పగబట్టి వాల్వు తెరిచి తీగలు చుట్టారనుకున్నాను. పాతికేళ్లు కలిసి బతికాక నా మీద ఇంత కోపం ఎవరికుందా అని ఒక్కొక్కరి మొహం చూసి ఆలోచించేవాణ్ణి. మా చంద్రమతికి కూడా చెప్పుకోలేదు. ఈ బెంచీ మీద మీ పక్కన కూర్చుని ఎన్ని చాయ్‌లు అనుమానంగా తాగానో!”

వీర్రాజును చూస్తే రాజానికి మనసు కలుక్కుమంది. తప్పయిందన్నా అని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా సారక్క ఉంది, సంపత్ ఉన్నాడు, గోడ మీద కాగితం ఉంది. వచ్చిన మాటను మింగేసి గొంతు పెంచాడు.

“పగ లేదు, గిగ లేదు. నీ మీద పగ ఎవనికున్నదన్నా ఈడ? తప్పు నీ మాటది! కట్టెయ్యి కట్టెయ్యి అంటె ఏం సమజైతది? బంద్ చెయ్యి అని శుద్ధ తెలుగుల చెప్పరాదా!”

వీర్రాజు నోరు తెరిచి, మూసి, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. రెండేళ్ల బరువు ఆ నవ్వుతో దిగిపోయినట్టుంది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆయన నవ్వడంతో బెంచీలన్నీ నవ్వాయి.

సారక్క మాత్రం నవ్వలేదు. గరిటె పట్టుకుని ముందుకొచ్చింది.

“అంటె నాల్గు దినాలు ట్యాంకి తెరిచే ఉన్నదా? పోసిన నీళ్లు పోసినట్టే ఇసుకలకు పోయినయా? మరి నన్ను చెంబెడు నీళ్లతోని ఎందుకు సంపినవన్నా? బొక్కెనలకు బొక్కెనలు పోసుకున్నా నిండకపోయేది గదా! రాయమల్లన్న అత్తను గూడ మూడు కొట్టిందని నిలబెట్టి అడిగితివి గదా, అవసరమా కాదా అని!”

“చెల్లె, అది... పొదుపు అనేది...”

“బావా,” అన్నాడు రాయమల్లు మెల్లగా. బీడీ అతని వేళ్ల మధ్య ఆరిపోయింది. “నువ్వు పన్నది బండి కింద గదా.”

“అవ్. డ్యూటీ.”

“ట్యాంకి పక్కపొంటి.”

“అవ్ అంటి గదా.”

“మీద పైకప్పు తీర్గ అంత పెద్ద బండి ఉండంగ, మంచు నీ మీదికెట్ల వచ్చింది?”

అందరి చూపూ ముందు రాజం మొహం మీదికి, తర్వాత ఆయన భుజం మీదికి పోయింది. సంపత్ బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు.

రాజం నుదుటి మీద చెమట పోసింది. అలవాటు కొద్దీ చెయ్యి తువ్వాల అందుకుని మొహం దాకా ఎత్తింది, అక్కడే ఆగిపోయింది.

“తుడుసుకో అన్నా,” అంది సారక్క. “మంచే గదా.”