కొబ్బరినూనె పోసిన సైకిలు

నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. అయిదో తరగతి చదువు, ఒత్తులు కూడా తప్పుతాయి. చదువుతున్న హైమవతి గారు, వింటున్న మీరు మన్నించాలి. మైకు ముందు నాకు గొంతు పెగలదని తెలిసి, "రాసివ్వండి గంగరాజు గారూ, నేను చదువుతాను" అని మా పోస్టుమాస్టరు హైమవతి గారే అన్నారు. నేను పక్క కుర్చీలో తల దించుకుని ఉంటాను, నన్ను చూడకండి.

అధ్యక్షులు పోస్టల్ ఇన్‌స్పెక్టరు ప్రభాకరరావు గారికి, పెద్దలు బసవపున్నారావు గారికి, వారి అమ్మాయి ప్రమీలారాణి గారికి, తోటల్లో పని మానుకుని వచ్చిన మా వాళ్ళందరికీ, వద్దన్నా కొత్త చీర కట్టుకొచ్చిన మా వెంకటలక్ష్మికి నమస్కారం.

నా ఈ రిటైర్మెంటు సభ పిలుపు కార్డు మీద "ఏ చలికాలమూ ఆగని సైకిలు" అని అచ్చు వేయించారు. అది చదివాక నాకు అన్నం సహించలేదు. ఒక్కసారి ఆగిందండి. అది చెప్పకుండా శాలువా కప్పించుకోలేను.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, ధనుర్మాసంలో, ఒక సాయంత్రం ప్రమీలారాణి గారికి నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూ కార్డు వచ్చింది, మర్నాడే విజయవాడలో. వారి ఇల్లు మామిడితోటలో, ఇక్కడికి ఆరు కిలోమీటర్లు. అప్పుడే వెళ్ళాల్సింది. బండికి లైటు లేదు, గొలుసు ఎండిపోయి కీచుమంటోంది, నూనె పోసి తెలతెలవారుతుండగా బయలుదేరితే ఆ దారిన ఉన్న ఒక్క ఏడింటి బస్సుకి అందించవచ్చు అనుకున్నాను. ఇంట్లో ఉన్నది కొబ్బరినూనె. గొలుసుకీ, వెనక చక్రం ఫ్రీవీలులోకీ ధారగా పోశాను.

"తలకి రాసుకునే నూనె దానికెందుకయ్యా, జుట్టు మొలుస్తుందా?" అంది వెంకటలక్ష్మి. (హైమవతి గారూ, ఇక్కడ నవ్వుతారు, కాస్త ఆగండి.)

పూత మీద మంచు దట్టంగా పట్టిన పొద్దు అది. ఊరు దాటానో లేదో, పెడలు గిర్రున తిరుగుతోంది, చక్రం మాత్రం కదలదు. దిగి తోశాను. పది అడుగులకోసారి ఎక్కి తొక్కి చూశాను. బండిని అక్కడే పడేసి పరుగెత్తితే బస్సు అందేది. ఆ మాట నాకు తర్వాత రోజూ తోచింది, అప్పుడు తోచలేదు. ఆ ఏడాదే కొన్న బండిని వదలబుద్ధి కాలేదు.

నేను వెళ్ళేసరికి బస్సు పోయింది.

"ఏంటి గంగరాజూ, ఇప్పుడా రావడం?" అన్నారు బసవపున్నారావు గారు.

"పంక్చరండి. దారంతా తుమ్మముళ్ళండి" అన్నాను. ఆ అబద్ధం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.

ప్రమీలారాణి గారు ఆ కార్డు చదువుకుని గూట్లో పెట్టేశారు. తర్వాత, "పోనీలే నాన్నా, ఇంత చలిలో నడిచొచ్చాడు. బాబాయ్, ముందు టీ తాగు" అన్నారు. ఆ టీ ఇంకా నా గొంతులోనే ఉందమ్మా.

బసవపున్నారావు గారు వారంలోగా కూలీలను పెట్టి ఆ దారి పొడుగునా తుమ్మకంప కొట్టించారు. గంగరాజు పుణ్యమా అని బాట బాగుపడిందని ఊరంతా నన్ను మెచ్చుకుంది. నేను తల ఊపాను.

ఎండెక్కాక పెడలుకి చక్రం దానంతటదే పట్టుకుంది. మర్నాడు ఆ చలి పొద్దునే చాట్రాయిలో సైకిలు షాపు సలోమోనుకి చూపిస్తే ఫ్రీవీలు విప్పి, వేలితో తెల్లటి గడ్డ తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఏం గంగరాజూ, చలికి సీసాలో గడ్డకట్టేది చక్రంలో కట్టదా?" అన్నాడు. పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు గానీ, నా మొహం చూసి ఊరుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి ఏటా కార్తీకం వస్తూనే ఫ్రీవీలు విప్పించి కిరసనాయిలుతో కడగడం, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయడం, రాత్రిళ్ళు బండిని నట్టింట్లో పెట్టి గోనెపట్టా కప్పడం. "నాకు లేదు గానీ దానికి దుప్పటి" అని మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా సాధిస్తూనే ఉంది. మీరంతా దాన్ని శ్రద్ధ అన్నారు. శ్రద్ధ కాదండి, భయం.

ఇన్‌స్పెక్టరు గారూ, ఇప్పుడు చెబితే ఉద్యోగం తీసేయడానికి కూడా లేదు, మన్నించండి.

ఆ ట్రైనింగు ప్రమీలారాణి గారికి మళ్ళీ రాలేదు. కోతల్లో మామిడి సొన పడి ఒళ్ళు కాలితే మన కూలీలు ఇవాళ్టికీ వాళ్ళ గుమ్మంలోకే వెళ్తారు. ఆమె కడిగి మందు రాస్తుంటే, ఉత్తరాలిచ్చే వంకతో నిలబడి చూసేవాణ్ణి. ఆ చేతులు ఎక్కడ ఉండాల్సినవో నాకొక్కడికే తెలుసు.

ఇంత దూరం వచ్చిన అందరికీ నా కృతజ్ఞతలు. శాలువా ఇస్తారో ఇవ్వరో మీ ఇష్టం.

అమ్మా ప్రమీలారాణి గారూ, జవాబు ఇక్కడ చెప్పొద్దు. నలుగురిలో మీరు మళ్ళీ "పోనీలే" అంటారు. ఇంటికెళ్ళి, మనసులో ఏముందో ఒక కార్డు ముక్క మీద రాయండి, తిట్టయినా సరే. ఇన్నేళ్ళు ఇంటింటికీ తిరిగాను గానీ, నా పేరున జవాబు ఎప్పుడూ అడగలేదు. కాస్త త్వరగా రాయండి. నా తర్వాత వచ్చేవాళ్ళ కోసం బండి కడిగి, మిషను నూనె వేసి ఆఫీసు వరండాలో పెట్టాను. మీ కార్డు దాని మీదే వస్తుంది, ఆలస్యం కాదు.

సెలవు.