సల్సా క్లాసు మెట్ల దగ్గర

ఆబిడ్స్‌లో కళ్లద్దాల షాపు పక్కన మెట్ల దగ్గర ప్రభుదాస్ ఆగిపోయాడు. పైన డాన్సు క్లాసు. భార్య బెత్సీ అప్పటికే రెండు మెట్లు ఎక్కింది.

“సల్సా అంటే టమాట పచ్చడి గదనే. మీ చెల్లె బిడ్డ పెండ్లిల చిప్స్‌తోని తిన్నం.”

“ఔ, గదీ సల్సానే. కారం, పులుపు కలిసినట్టు తీరుతీరు పాటలు కలిసినయని స్పానిష్ భాషల ఈ డాన్సును గూడ గట్లనే పిలుస్తరంట. తినేటప్పుడు లేని భయం ఆడేటప్పుడెందుకు?”

“నేను సంఘపెద్దను. చర్చోళ్లు చూస్తే?”

“చూడనియ్యుండ్రి. పెండ్లాంతోనే గదా వచ్చిన్రు.”

“నువ్వు పోయి నేర్చుకో. నేను గీడ చాయ్ తాగుతుంట.”

“నిన్న ఒక్కదాన్నే పోయిన. అందరు జంటలే. సారు ఎవరి పక్కనో నిలబెడతనంటే ఇంటికొచ్చిన. మీరు రాకుంటే నేను గూడ మానేస్త.”

అతను చాయ్ కొట్టు వైపు తిరగబోయాడు.

“పెండ్లైనప్పటి సంది చర్చిల మగోళ్ల దిక్కు మీరు, ఆడోళ్ల దిక్కు నేను. బజార్ల మీరు ముందర, నేను ఎనక. జర ఒక్కసారి నా ఎదురుంగ నిలవడుండ్రి, జెస్విన్ డాడీ.”

“నాకు స్టెప్పులు రావే.”

“నాకొస్తయా?”

ప్రభుదాస్ రోడ్డు వైపు ఒకసారి చూశాడు. తర్వాత మెట్లెక్కి, తలుపు దగ్గర చర్చిలో లాగే చెప్పులు విడవబోయాడు.

“గీడ ఇడవద్దంట. ఏసుకొనే ఆడాలె.”

“మరి నీ కాలు తొక్కుతనేమో.”

“తొక్కుండ్రి,” అంది బెత్సీ, చెయ్యి అందిస్తూ.