బోర్ల పండిన పహిల్వాన్

లింబాద్రని ఒకడుండె. వాడొచ్చిండంటె చాలు, జాతరల పోరగాండ్లు తల్లుల చెయ్యి ఇడిపిచ్చుకోని డేరా కాడికి ఉరుకుతుండిరి. డేరా కుస్తీలంటె మీకెర్కనా? మీకేమెర్క, మీరు ఫోన్ల సూసుడే గద. ఎనకట జాతర జాతరకు ఒక డేరా తిరుగుతుండె, టికెట్ పెట్టి కుస్తీ సూపెడుతుండిరి. లింబాద్రి పులిచారల చెడ్డి తొడుక్కోని నడుమకొచ్చి తొడ చరిస్తె డేరా గుంజలు అదురుతుండెనంట. అవతలోడు ఎవడనుకున్నరు? వాని జట్టోడే, యాదగిరని. పొద్దుగాల ఇద్దరు ఒక్క గిన్నెల గటక తింటరు, పొద్దుమీకి ఒకన్నొకడు సంపుతనని ఎగబడుతరు. లింబాద్రి వాన్ని నెత్తిమీదికెత్తి తిప్పి తిప్పి ఏస్తె వాడు దబ్బున పడి, బుగ్గల దాసుకున్న ఎర్రరంగు ఉమ్ముతుండె. రంగని ఎవలికెర్క? ఆడోళ్లు కొంగు అడ్డం పెట్టుకుందురంట. మల్ల వాడు లేచి లింబాద్రిని ఎత్తేస్తడు. ఎవడెప్పుడు పడాలె, ఎవడెప్పుడు లేవాలె, అంత ముందుగాల్నే మాట్లాడుకున్నదే. ఓ రాజవ్వా, ఆకు తడిపినవా లేదా? ఎండితె పలుగుతది మళ్ల. బీడీలు సుట్టుకుంట ఇనుండ్రి, నోర్లు తెరుసుకోని కూసుంటె షావుకారు ఊకుంటడా.

ఇగ ఏమైందంటె, మన తొర్తిపల్లెకు, పైన బాసంపేటకు నడుమ ఒక్కటే చెరువు, ఒక్కటే తూము. నాట్లకు ముందు కట్టమైసమ్మ జాతరైతది, జాతరల కుస్తీలైతయి. పిల్లల కొబ్బరికాయ కుస్తీతోని మొదలు పెట్టి, ఎండి కడెం కుస్తీతోని ముగిస్తరు. ఆ కడెం కుస్తీ ఏ ఊరోడు గెలిస్తె ఆ ఊరికే తూము ఇడవాలె. వాళ్ల నాట్లన్ని అయినంకనే రెండో ఊరికి నీళ్లు. గది కట్టుబాటు, తాతలనాటిది, ఎవ్వడు దాటలే. బాసంపేటల హన్మాండ్లు పహిల్వానని ఉండె. వాడు మాట్లాడుకోని పట్టేటోడు కాదు, కుస్తీ నేర్పే తాలీంల మన్ను మింగి పెరిగినోడు. చెవులు నలిగి నలిగి ముద్దలైనయంట. ఎవ్వన్ని పడితె వాన్ని పట్టిన చోట్నే చిత్తు చేస్తుండె. ఏ ఏడు సూసిన వాడే, ఏ ఏడు సూసిన వాడే. మనకు నీళ్లచ్చేసరికి నారు ముదిరి గట్టిపడుతుండె. ముదురు నారు నాటేస్తె ఏమైతది? గడ్డైతది, బర్లు తింటయి. నర్సవ్వంటె మా అత్తనే గద, అప్పటికింక వయసుల ఉన్నది, మొగడు సచ్చిపోయిండు. ఆమె మడి కాలువ కొసకుండె. ఊరందరికి అందినంక ఆమెకు. ఏండ్ల సంది పంటే ఇల్లు చేరలే. ఈ ఏడు గూడ నీళ్లు రాకుంటె మడి అమ్మి బొంబాయి పోతనని బట్టలు మూట గట్టుకోని పెట్టుకున్నదంట.

మన ఊరి పటేలు ఉన్నడు సూడు, గడ్డం పటేలు, ఆయన పిల్లనిచ్చిన ఊరికి పోయి అక్కడి జాతరల లింబాద్రిని సూసిండు. యాదగిరిని ఎత్తి గిరగిర తిప్పి ఏసుడు సూసిండు. ఇగ ఆయన కడుపు ఉబ్బిపోయింది. దొరికిండురా మనకు మొగోడు, హన్మాండ్లు గాన్ని గీయన గట్ల తిప్పి ఏస్తె సూడాలె అన్నడు. పరాయి ఊరోడు గదా అని ఎవరో అంటే, పండుగ ముందు నుంచి ఊర్ల తిని ఊర్ల పంటె ఊరోడే లెక్క, కట్టుబాట్ల ఉన్నది అన్నడు. బండి కట్టి డప్పులతోని తోలుకొచ్చిండ్రు. లింబాద్రికేం ఎర్క పాపం. వాని పుట్టుకల ఎవరన్న వాన్ని బండెక్కిచ్చిండ్రా? ఆడోళ్లు మంగళారతి పట్టిరి, పిల్లలు కాళ్లు మొక్కిరి. వాడు ఉబ్బి, పటేలా నేను పడుత, కడెం మీదే అన్నడు. అని, చెవు కాడికొచ్చి మెల్లగ అడిగిండంట, మరి అవతలోనితోని మాట్లాడిండ్రా, ఎవలం గెలవాలె అని. పటేలు పడి పడి నవ్విండు. అగో పహిల్వాను మాట, అవతలోని పెయ్యితోనే మాట్లాడుతడంట అని ఊరంత చెప్పిండు. లింబాద్రి గూడ నవ్విండు. మాట్లాడే ఉంటరులే అనుకున్నడు. గంత కుస్తీ మాట్లాడుకోకుంట పడుతరా ఎక్కడన్న అని వాని లెక్క.

వాన్ని నర్సవ్వ ఇంటి ముంగటి కొట్టంల దింపిండ్రు. ఇంటికింత పాలు, ఇంటికింత నెయ్యి వస్తుంటె ఆమె వండి పెడుతుండె. ఒకనాడు వాడు చెరువు కట్ట మీదికి పోయిండనుకో. అవతల ఒడ్డుకు హన్మాండ్లు సాధన చేస్తుండు. ఒక పెద్ద పోరడు మీదికొచ్చిండు. హన్మాండ్లు వాని నడుం పట్టిండో లేదో, ఎప్పుడెత్తిండో కనవడలే, ఆ పోరడు ఎల్లెలుకల పడ్డడు. అరుపు లేదు, తిప్పుడు లేదు, సప్పుడు గూడ ఎక్కువ లేదు. పడ్డోడు లేవలే. ఇద్దరు మోసుకపోయిండ్రు. లింబాద్రి గది సూసి ఇంటికొచ్చిండు. అప్పటి సంది కూసున్న కాడ కూసోడు, నిలవడ్డ కాడ నిలవడడు. కొట్టంల ఈ గుంజ కాడికి, ఆ గుంజ కాడికి తిరుగుడే. బువ్వ పెడితె కలుపుతడు, తినడు. నీళ్లు ముంచుకుంటడు, తాగడు, పారవోస్తడు. బర్రె గూడ వాన్ని సూసి బెదిరి పాలిస్తలేదంట. నర్సవ్వకు యాష్టకొచ్చింది. ఏందిర తమ్మీ నీ తిరుగుడు, కాళ్ల కింద నిప్పులు పోసిండ్రా ఎవలన్న అన్నది. వాడు ఆగి, అక్కా నాకు కుస్తీ రాదు అన్నడు.

"రాకుంటె మరి గా డేరాల చేసేదేంది?"

"గది ఆట. యాదగిరి నన్నెత్తేస్తడు, నేను యాదగిరిని ఎత్తేస్త. ఎముక ఇరగకుంట ఎట్ల పడాల్నో నాకెర్క. నిజంగ గెల్సుడు ఎన్నడు చెయ్యలే అక్కా. నేను పోత. పొద్దుగూకినంక ఎవలు సూడకుంట పోత."

నర్సవ్వ చేతిల గంటె ఉన్నది. గంటెతోనే కొట్టింది వాన్ని. "పోతవా? నువ్వు పోతె కుస్తీ లేకుంటనే వాళ్లు గెలుస్తరు. పాలు నెయ్యి తిని నా మడి ఎండవెట్టనికొచ్చినవార?" అని తిట్టింది, తిట్టి ఏడ్చింది. వాడు దెబ్బ పడ్డ చెయ్యి రుద్దుకుంట నిలవడ్డడు. ఆమె ముక్కు చీది, కొంగుతోని తుడుసుకున్నది. మా అత్త ఎంతసేపు ఏడుస్తది తియ్యి. పడుడు ఎన్ని తీర్లరా అని అడిగింది. ఎల్లెలుకల పడొచ్చు, పక్కకు పడొచ్చు, బోర్ల పడొచ్చు అన్నడు వాడు. బోర్ల పడితె ఓడినట్టేనా? కాదక్కా, రెండు భుజాలు మన్నుకు తాకితెనే ఓడినట్టు. మరి బోర్ల పడి లేవకు అన్నది. వాడు నవ్విండు. ఆమె నవ్వలే. నా మొగని తండ్రి చెప్తుండె, పొద్దు గూకేదాంక ఇద్దర్ల ఎవ్వడు ఓడకుంటె బరాబరి కుస్తీ, నీళ్లు ఒకనాడు వాళ్లకు ఒకనాడు మనకు, గట్ల గూడ కట్టుబాట్ల ఉన్నది, గని ఎన్నడు కాలే అన్నది. ఎందుకు కాలే అంటె ఏ పహిల్వానన్న పాము లెక్క మన్నుల పొర్లుకుంట పంటడా? పానం పోయిన పండడు. ఇజ్జత్ ఉంటది గద. లింబాద్రి మొకం చిన్నగైంది. "అక్కా, ఈ ఊరోళ్లు నాకు మంగళారతి పట్టిండ్రు. గట్ల పండుకోని ఉంటె ఉమ్మేస్తరు" అన్నడు. ఉమ్మనీ అన్నది ఆమె. తుడుసుకోనీకి నేను బట్టిస్త అన్నది.

ఇగ జాతర. రెండూర్ల జనం, చుట్టుపక్కల ఊర్ల జనం, చెట్ల మీద జనం. లింబాద్రి పులిచెడ్డి తొడుక్కోని, మెడల దండ, తొడ చరుసుకుంట వచ్చిండు. మనోళ్లు అరిసిన అరుపులకు కట్ట మీద పక్షులు లేచిపోయినయంట. హన్మాండ్లు ఉత్త లంగోటి మీద వచ్చి, పిడికెడు మన్ను తీసి వాని భుజం మీద చల్లిండు. వీడు వాని మీద చల్లిండు. చేతులు కలిపిండ్రు. డప్పు మొదలైంది. హన్మాండ్లు చెయ్యి ఇట్ల మెడకేసిండో లేదో, లింబాద్రి దబ్బున బోర్ల పడ్డడు. పడి, కాళ్లు ఎడం చేసి, మోచేతులు పక్కలకు ఒత్తుకోని, గడ్డం మన్నుల పెట్టిండు. జనం ఏదో పట్టు అనుకున్నరు. పటేలైతె, సూడుండ్రి ఇప్పుడు ఎట్ల తిప్పుతడో అని పక్కోళ్ల తొడలు కొడుతుండు. వాడు తిప్పలే. లేవలే. హన్మాండ్లు మీదెక్కి నడుం పట్టి గుంజిండు, రాలే. చెడ్డి కొస పట్టి ఎత్తవోయిండు, రాలే. లింబాద్రి నాలుగేండ్లా, పదేండ్లా, ఎంత కాలం సంది పడుతుండో, పడి పడి పెయ్యి బరువు ఎట్ల ఇడవాల్నో వానికి అబ్బింది. తడిసిన జొన్నబస్తా లెక్క అయిండు.

ఎండ ఎక్కుతుంది, దిగుతుంది, గదే. వీడు పండుడు, వాడు గుంజుడు. జనానికి కాలు నిలుస్తలేదు. లేచి నిలవడుతరు, కూసుంటరు, మల్ల లేస్తరు. గిది కుస్తీయా, పేడల పడ్డ దున్నపోతా అని ఒకడన్నడు. ఇగ మొదలైనయి తిట్లు. చెరుకు పిప్పి ఇసిరిండ్రు, మక్కబెండ్లు ఇసిరిండ్రు, చెప్పులు ఇసిరిండ్రు. ఎవలు ఇసిరిండ్రనుకున్నరు, బాసంపేటోళ్లా? మనోళ్లే ఎక్కువ ఇసిరిండ్రు. పటేలు రుమాలు తీసి కింద కొట్టి ఎల్లిపోయిండు. డప్పులోళ్లు గూడ ఇసిగి, ఒకదెబ్బ కొట్టి ఒకదెబ్బ మానుతుండిరి. ఇక్కడ హన్మాండ్లు ఊకోలే. మోకాలు మెడ మీద పెట్టి నూరిండు. చెయ్యి ఎనుకకు ఇరిసిండు. భుజం కటుక్కుమన్నది, ముంగట కూసున్నోళ్లకు ఇనవడ్డదంట. వాని నోట్లకెల్లి నెత్తురచ్చింది. ఈసారి రంగు కాదు. జనం ఆకువక్క రసమనుకోని నవ్విండ్రు.

అప్పుడు హన్మాండ్లు చెవుల మెల్లగ అన్నడంట. ఇది లింబాద్రి తర్వాత నర్సవ్వకు చెప్పిండు. "తమ్మీ, లెవ్వు. ఒక్కసారి లేచి నిలవడు. నిన్ను మంచిగ నెత్తి మీదికెత్తి, ఎముక ఇరగకుంట ఏస్త. ఓడిన, జనం చప్పట్లు కొడుతరు. నీ ఇజ్జత్ ఉంటది, నాది ఉంటది. గిట్ల కుక్క లెక్క ఎందుకు పంటవు?" ఇగ సూడుండ్రి, వానికి కావాల్సింది గదే గద. నెత్తిమీద తిరుగుడు, దబ్బున పడుడు, జనం అబ్బ అనుడు, బతుకంత వాడు తిన్న బువ్వ గదే. వాని పెయ్యి లేవబోయిందంట. ఒక మోకాలు జరిగింది గూడ. తల ఎత్తి సూస్తె, తిట్టేటోళ్ల నడుమ నర్సవ్వ కనవడ్డది. ఆమె తిడుతలేదు, అరుస్తలేదు. పొద్దు దిక్కు సూస్తుంది, వీని దిక్కు సూస్తుంది, పొద్దు దిక్కు సూస్తుంది. వాడు మోకాలు మల్ల ఎనుకకు గుంజుకోని మొకం మన్నుల పెట్టిండు.

పొద్దు గూకింది. డప్పు ఆగింది. రెండూర్ల పెద్దమనుషులు మొకాలు మొకాలు సూసుకోని, బరాబరి అన్నరు. అనక ఏంజేస్తరు? హన్మాండ్లు కడెం నాకొద్దని మైసమ్మ కాడ పెట్టి, ఉమ్మేసి పోయిండు. తెల్లారి తూము లేసింది. ఒకనాడు వాళ్లకు, ఒకనాడు మనకు. నారు లేతగున్నప్పుడే నీళ్లొచ్చినయి, కాలువ కొసకు గూడ వచ్చినయి. నర్సవ్వ మూట ఇప్పింది. లింబాద్రిని మాత్రం పటేలు ఊర్ల ఉండనియ్యలే. నా ఊరి పేరు మన్నుల కలిపినవ్, కండ్లకు కనవడకు అన్నడు. బండి లేదు, డప్పు లేదు. నర్సవ్వ వాని భుజానికి పసుపు, సున్నం పట్టేసి కట్టింది. వాడు పొయ్యేటప్పుడు, కుస్తీ ఎట్లుండె అక్కా అని అడిగిండు. ఏం మనిషో. గంత గలీజు కుస్తీ నా జన్మల సూడలే, కూసోని తిను అన్నదంట ఆమె. వాడు ఎడమ చేత్తోని తిన్నడు.

పంట కోసినంక నర్సవ్వ కొత్త బియ్యం మూట నెత్తిన పెట్టుకోని ఏ జాతరల డేరా ఉన్నదో అడుక్కుంట పోయింది. దొరికింది డేరా. టికెట్ కొనుక్కోని ముంగట కూసున్నది. భుజం సక్కగ లేదు గద, లింబాద్రి ఇప్పుడు ఎవన్ని ఎత్తుతలేడు, యాదగిరే వీన్ని ఎత్తుతుండు. ఎత్తి తిప్పి తిప్పి ఏసిండు. వీడు ఎల్లెలుకల పడ్డడు, రెండు భుజాలు మన్నుకు తాకంగ. డేరా అంత చప్పట్లు. మా అత్త ఒక్కతే నోట్ల కొంగు కుక్కుకోని ఏడ్సిందంట. పొద్దంత నెత్తురు కక్కి గూడ తాకనియ్యని భుజాలు గవి, ఇక్కడ గింత అల్కగ తాకిచ్చిండు అని. బియ్యం ఇచ్చి వచ్చింది.

ఇప్పటికి మన ఊర్ల ఎవడన్న పనికిరాని పని చేస్తె లింబాద్రి కుస్తీ అంటరు. మీరు గూడ అంటరు, నేనిన్న. ఆ తూము నీళ్లతోని పండిన బువ్వ ముంగట పెట్టుకోనే అంటరు. నా ఇంట్ల మాత్రం ఎవల్ని అననియ్య. ఇగ లెక్కకు ఇయ్యుండ్రి కట్టలు, రాజవ్వయి మల్ల తక్కువనే ఉన్నయి.