మడమ దగ్గర బిగువు

మర్నాడే కర్నూలులో ఫారెస్టు ఉద్యోగానికి పదహారు కిలోమీటర్ల నడక పరీక్ష. కూతురు బూట్లు వేసుకుని మగ్గం గుంట గట్టున కూర్చుంటే, గుంటలో కూర్చుని చీర నేస్తున్న తండ్రి అక్కడినుంచే ఆమె కాలు అందుకున్నాడు.

“యాడ నొస్తాదిమ్మా?”

“మడమ నాయినా. లోపల జారుతాంది. పోయినసారి బొబ్బలెక్కే కదా సగంలో ఆగిపోయింది!”

“దానికని కాలి యేళ్లకాడ లేసు ఇంత బిగిచ్చినావా? జారేది మడమైతే యేళ్లేం జేసినాయి, పాపం?”

“నువ్వెప్పుడన్నా బూట్లేసుకున్యావా, చెప్తాండావు?”

“లేదు. నలభై ఏండ్లు పడుగు దారాలు బిగిచ్చినా. యాడ లాగల్లో, యాడ వదలల్లో తెల్దా?”

ఆయన వేళ్ల దగ్గర లేసు వదులు చేసి, చీలమండ దగ్గర అడ్డంగా తిప్పి లాగి కట్టాడు. పడుగును మీటినట్టే దాన్ని వేలితో మీటి చూశాడు.

“ఇప్పుడు నడువు.”

ఆమె గడప దాకా పోయి వచ్చింది.

“జారలే నాయినా! కానీ రేపు ఆడ నాకిట్ల కట్టుకునేకి రాదే.”

“నేనొచ్చి కడ్తాలే.”

“శనివారానికి చీర ఇయ్యల్లంటివే? మగ్గమో?”

“నువ్వు నడిచేంతసేపు అది కూచోనుంటాదిలే.”