లెయోకాదియమ్మ ముక్కు

ఏమిటమ్మాయ్, ఆ వాక్యం మళ్ళీ చదువు. కాదు, దాని ముందుది. ఆఁ, అదే. "ఆ యేడు లెయోకాదియా గారి ముక్కు పనిచెయ్యకపోవడంతో నాలుగు వందల సీసాలు చెడి, వాగు ఒడ్డు తోట అమ్ముకోవలసి వచ్చింది." ఎవరు చెప్పారు నీకిది? నార్సీస్ కొడుకా! అనుకున్నా. మీ ఇంటి బుడగల వైన్‌కి నూరేళ్ళ పండగని పుస్తకం అచ్చేయిస్తూ, అందులో ఆ ఇంటివాళ్ళ మాట ఎక్కిస్తావా కెరాల్ట్? కొట్టెయ్ తల్లీ. నా కళ్ళముందే కొట్టెయ్. నాకు చదువు రాదు, బల్దిరి అని నా పేరు గీసుకోవడం, పీపాల మీద అంకెలు పోల్చుకోవడం, అంతే. కానీ అబద్ధాన్ని అబద్ధమనడానికి అక్షరాలెందుకు? ఎలా తెలుసంటావా... చెప్తా. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. మా అల్లుడు బాగుచేశాడు మరి.

మీ నాన్నమ్మ ముక్కు పనిచెయ్యకపోవడమా! మీ తాత పోయేనాటికి ఆవిడకి ముప్పై నాలుగేళ్ళు, చంకలో మీ నాన్న. సమాధి చేసిన మర్నాడు పొద్దున్నే నల్లబట్టలతో నేలమాళిగలోకి దిగింది. నార్సీస్ అప్పుడు మేస్త్రీ. "అమ్మగారూ, ఇక్కడ చలండీ, మీరు పైన వంటింట్లో ఉండండి, మేం లేమూ?" అన్నాడు, ఆ వెన్నపూసిన గొంతుతో. ఆవిడ మెట్ల మీదనుంచే, "మూడో పీపా పులిసిపోతోంది నార్సీస్, నువ్వున్నావుగా, చూసుకో" అంది. మూత తీసింది లేదు, రుచి చూసింది లేదు! వాడు వెళ్ళి మూత తీశాడు, నోరు మూశాడు. ఆ కోపం ఎవరి మీద తీర్చుకున్నాడనుకున్నావు? నామీద. ఎందుకంటే ఆ మాళిగలోనే పనిచేస్తున్న నేను నవ్వాను. పైకే నవ్వాను. వాడు పోయి ఇరవై ఏళ్ళయింది, ఇప్పటికీ తల్చుకుంటే నవ్వొస్తుంది. శవయాత్రకి మాత్రం వెళ్ళాను, చర్చిలో చివరి వరసలో నిలబడ్డాను, మర్యాదకైనా టోపీ తియ్యలేదు.

మీరిప్పుడు సీసా మెడలో మడ్డిని గడ్డకట్టించి యంత్రంతో ఊడబెరుకుతున్నారు, చూశాను, బాగానే ఉంది, కోడిగుడ్డు వొలిచినట్టుంది. మా రోజుల్లో చెయ్యే యంత్రం. సీసాలు బల్లల కన్నాల్లో తలకిందులుగా నెలలకి నెలలు నిలబడితే మడ్డంతా బిరడా మీదికి దిగేది. దాన్ని తియ్యడం నా పని. సీసాని అలాగే తలకిందులుగా పట్టుకుని, పటకారుతో బిరడా కొక్కెం లాగి, పైకెత్తుతుండగా టప్పుమని బిరడా, మడ్డి ఎదురు పీపాలో పడాలి, నా బొటనవేలు సీసా మూతిమీద పడాలి. రెప్పపాటు తొందరపడితే మడ్డి లోపలే, ఆలస్యమైతే సగం వైన్ నేలపాలు. అక్కడితో అయిందా? పొంగే నురగ మీద ముక్కు పెట్టాలి. బాగుంటే కుడి పక్కకి, బిరడా బూజు తగిలితే ఎడమ పక్కకి. సీసాకి ఒక్క ఊపిరి. ఆ తర్వాత కొత్త బిరడా వేసేస్తే ఇంక దాని గుట్టు దానిదే, మళ్ళీ విప్పి చూద్దామంటే బుడగలు పోయి వట్టి నీళ్ళు. రోజుకి రెండొందలు తీసేవాణ్ణి. ఈ పెనెదేస్ లోయలో నా అంత శుభ్రంగా తీసేవాడు లేడని నేనన్లేదు, మీ నాన్నమ్మ అంది. ఒక్కసారే అంది, నా ఎదురుగా అన్లేదు.

తక్కిన ఇళ్ళవాళ్ళు మడ్డి పోయాక సీసాలో తగ్గిన జాగాలో చక్కెరపాకం పోసేవాళ్ళు. తీపిలో బూజు కూడా అత్తరులా ఉంటుంది కదా. ఆవిడ మాత్రం అదే వైన్‌తో నింపేది, చుక్క చక్కెర లేకుండా. "చక్కెర ముసుగు బల్దిరీ. నా పిల్ల ఏం పాపం చేసిందని ముసుగెయ్యాలి?" అనేది. ఊరంతా వెక్కిరించారు. "విధవరాలి వైన్ తాగితే పళ్ళు జివ్వుమంటాయిరా" అనేవాళ్ళు. ఇవాళ? ఇవాళ అదే కావాలని ఎక్కడెక్కడినుంచో కార్లేసుకుని వస్తున్నారు. ముసుగు లేదు కాబట్టే ముక్కు అంత ముఖ్యం. రోజూ సాయంత్రం దిగివచ్చి నన్నడిగేది, "ఏమంటోంది ఇవాళ?" అని. నేను చెప్పాలి. పచ్చి ఆపిల్ అనో, కాల్చిన రొట్టె అనో, సోంపు అనో. ఆవిడ ఓ సీసా వాసన చూసి "ఊఁ" అనేది. ఆ "ఊఁ" కోసం, అమ్మాయ్, నేను పెళ్ళిలో కూడా అంత ఎదురుచూడలేదు.

ఇంతకీ ఆ యేడు. వస్తున్నా, వస్తున్నా, తొందరపెట్టకు. ద్రాక్ష రెండేళ్ళుగా వడగళ్ళపాలు. బార్సిలోనా నుంచి పుయిగ్‌వెంతోస్ అని హోటలాయన, క్రిస్మస్ విందుకి ఆరువందల సీసాలు కావాలన్నాడు. ఒక్కటి తగ్గినా వేరేచోట చూసుకుంటానన్నాడు. అవి వెళ్తే ఇల్లు నిలబడుతుంది. వెళ్ళకపోతే మీ నాన్నమ్మ వాళ్ళ నాన్న తన చేత్తో నాటిన వాగు ఒడ్డు తోట పక్క కంపెనీవాళ్ళ పాలు. ఇది అందరికీ తెలుసు. ఆరువందలకీ మూడు రోజుల్లో మడ్డి తియ్యాలి. సరిగ్గా అప్పుడు... నీళ్ళివ్వు కొంచెం. చాలు.

సరిగ్గా అప్పుడు నాకు పడిశం పట్టింది. ఏమిటలా చూస్తావు? మనిషన్నాక పట్టదా? పడిశం పట్టిన రోజు మడ్డి తీసేవాడు పని ముట్టకూడదు, అది మా కట్టుబాటు. "ఇవాళ నా ముక్కు లేదు" అని చెప్పి పైకెళ్ళి రొట్టె తినాలి, తప్పేం లేదు. కానీ నార్సీస్ తన మేనల్లుణ్ణి నా చోట నిలబెట్టాలని రెండేళ్ళనుంచి కాచుక్కూచున్నాడు. ఆ పటకారు వాడి చేతిలోకి వెళ్ళిందంటే మళ్ళీ నాకొస్తుందా? అందుకని వేణ్ణీళ్ళ ఆవిరి పట్టాను, వెల్లుల్లి నమిలాను, గొంతు సర్దుకున్నాను. చేతులు బాగానే ఉన్నాయిగా. టప్, టప్. ప్రతి నురగ మీదా ముక్కు పెట్టాను తల్లీ, మానలేదు. గోడకి పెట్టినట్టే. అన్నీ కుడి పక్కకే.

మొదటి రోజు ఆవిడ ఊళ్ళో లేదు, రెండో రోజు సాయంత్రం దిగివచ్చింది. పక్కనే నిలబడి అడిగింది, "ఏమంటోంది ఇవాళ?" నేను తడుముకోకుండా, "పచ్చి ఆపిల్ అమ్మగారూ, అడుగున కాల్చిన రొట్టె" అన్నాను. నావైపు చూసింది. "ఇంకేం లేదా?" "ఇంకేముంటుందండీ." ఆవిడ తన పావడా అంచు పట్టుకుని పిండింది. కిరసనాయిలు! మెట్లమీద దీపం ఒలికి మోకాళ్ళదాకా తడిసింది. మాళిగంతా కంపు కొడుతోందట, పైన కుక్క కూడా తుమ్ముతోందట. నేను ఆ కంపులో నిలబడి పచ్చి ఆపిల్ అంటున్నాను.

అరుస్తుందనుకున్నా. అరిస్తే బాగుండేది. తలుపు వేసొచ్చి, "ఎన్ని తీశావు?" అంది. "నాలుగొందలు." మూడు విప్పింది. మొదటిది మంచిది. రెండోది బూజు. మూడోది మంచిది. ఇంక విప్పలేదు. ఏది ఏదో ఎవరికి తెలుసు? అలాగే పంపించెయ్యొచ్చు కదా, హోటల్లో తాగేవాళ్ళకేం తెలుస్తుంది అంటావు. నేనూ అదే అన్నాను, సిగ్గులేకుండా. "వాళ్ళకి తెలియదు బల్దిరీ, సీసాకి తెలుసు" అంది.

మర్నాడు పుయిగ్‌వెంతోస్ మనిషి ముందు, నార్సీస్ ముందు, పనివాళ్ళందరి ముందు ఆవిడ నిలబడి ఏమందో తెలుసా? "ఈ యేడు నా ముక్కు నన్ను మోసం చేసింది. చెడ్డవాటిని మంచివన్నాను. సీసాలు ఇవ్వను." అంతే. ఆ మనిషి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను నోరు తెరవబోయాను, కాలితో నా కాలు తొక్కింది. ఆ కిరసనాయిలు చెప్పుతోనే. తర్వాత పైకి పిలిచి అంది: "పడిశం దాచినవాణ్ణి ఈ లోయలో ఏ ఇంటివాళ్ళూ గడప తొక్కనివ్వరు. నా ముక్కు పోతే నన్నెవరు పనిలోంచి తీస్తారు? నేను బతికుండగా నోరెత్తకు." వాగు ఒడ్డు తోట వెళ్ళిపోయింది. ఆ దారిన నేను నడవను, కంపెనీవాళ్ళ మీద పగని ఊళ్ళో అంటారు. అనుకోనీ. నార్సీస్ ఓరోజు ఆవిడ బల్లమీద వెనిగర్ గిన్నె పెట్టి, "ఇది వైనేనా అమ్మగారూ, చెప్పగలరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పటకారు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కూడా నవ్వి, దాన్ని పచ్చికూర మీద పోసుకు తింది.

ఆ నాలుగొందలూ పారబొయ్యలేదు. ప్రతి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక నన్ను భోజనానికి పిలిచి ఒక సీసా విప్పేది. బీన్స్, సాసేజి, టమాటా రుద్దిన రొట్టె. ముందు నేనే వాసన చూడాలి, చెప్పాలి. మంచిదో, బూజో. తర్వాత ఆవిడ చూసి "ఊఁ" అనేది. ఒక్క దెప్పుమాట లేదు. దాదాపు ఎనిమిదేళ్ళు, అమ్మాయ్. బూజువి ముప్పై ఒకటి. తక్కినవి... చివరి ఏళ్ళకి ఎలా తయారయ్యాయంటే, తేనెపట్టూ, ఎండిన గడ్డీ, సముద్రం నీళ్ళూ కలిసినట్టు! అంత గొప్ప వైన్ ఈ ఇంట్లో అంతకుముందు పుట్టలేదు. అంతకాలం మాగనిస్తే ఏమవుతుందో ఆ బల్ల దగ్గరే తెలిసింది ఆవిడకి. ఇవాళ మీరు ఎనిమిదేళ్ళు మాగబెట్టి అమ్ముతున్నారే, దాని పుట్టుక అది. చివరి సీసా నాడు ఆవిడ అసలు వాసనే చూడలేదు. నేను చెప్పగానే గ్లాసు ఎత్తి తాగేసింది.

ఆవిడ పోయి ముప్పై మూడేళ్ళు. తను బతికుండగా నోరెత్తొద్దంది. పోయాక ఎత్తొద్దని అన్లేదు. నేనే... సరేలే.

కొట్టేశావా? ఇప్పుడు రాయి. బల్దిరికి పడిశం పట్టింది, చెప్పలేదు. అంతే, ఇంకేం పెట్టకు. రాశావా? చదువు. ఇంకోసారి చదువు.

ఊఁ.

ఆ కిటికీ వెయ్యి తల్లీ, చలిగాలి వస్తోంది.